క్లౌడ్‌ఫార్మేషన్ టెంప్లేట్‌తో ఇన్‌ఫ్రా డిప్లాయ్ చేయడం: మొదటి ఫైల్ నుంచి పదో అప్‌డేట్ దాకా

"టెంప్లేట్ ఎలా రాయాలి?" అని నన్ను అడిగేవాళ్లు తక్కువ. "స్టాక్ బాగానే లేచింది, నెల తర్వాత ఒక్క లైను మార్చాను, డేటాబేస్ ఖాళీగా కనిపిస్తోంది, ఎందుకు?" అని అడిగేవాళ్లే ఎక్కువ. అందుకే ఈ గైడ్‌ను రెండోసారి డిప్లాయ్ చేసే రోజును దృష్టిలో పెట్టుకుని రాశాను. మొదటి రోజు పడే శ్రమలో సగం ఆ రెండో రోజు కోసమే.

ఇక్కడ చెప్పేదంతా ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) క్లౌడ్‌ఫార్మేషన్ గురించి. సర్వర్లు, నెట్‌వర్క్, డేటాబేస్ లాంటి ఇన్‌ఫ్రా ఏమేం కావాలో ఒక ఫైల్‌లో రాస్తాం, అదే టెంప్లేట్. దాన్ని చదివి క్లౌడ్‌ఫార్మేషన్ కట్టే రిసోర్సుల గుంపే స్టాక్. ఇలాంటి పనే చేసే టెర్రాఫామ్, బైసెప్ టూల్స్ వాడేవాళ్లకు కమాండ్లు వేరు. అయినా స్టాక్‌ను విడగొట్టడం, మార్పుల జాబితా చదవడం వాళ్లకూ ఇలాగే ఉంటాయి. పేర్లన్నీ తెలుగు లిపిలో రాశాను. కన్సోల్‌లోనూ టెంప్లేట్‌లోనూ అవే మాటలు ఇంగ్లిష్‌లో కనిపిస్తాయి.

ఉదాహరణకు ఒక మామూలు వెబ్ అప్లికేషన్ తీసుకుందాం. ఒక వీపీసీ (మీకే సొంతమైన ప్రైవేట్ నెట్‌వర్క్), రెండు అవైలబిలిటీ జోన్లలో (విడివిడి డేటా సెంటర్లలో) సబ్‌నెట్లు (ఆ నెట్‌వర్క్‌లో ముక్కలు), ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచేది), వెనక ఈసీ2 సర్వర్లు, ఒక ఆర్‌డీఎస్ డేటాబేస్, ఫైళ్లకు ఒక ఎస్3 బకెట్.

## 1. ఫైల్ తెరవకముందే తేల్చుకోవాల్సినవి

ముందు ఐపీ అడ్రస్‌ల లెక్క కాగితం మీద వేసుకోండి. వీపీసీ సైజు /16 నుంచి /28 మధ్యలో ఉండాలి (స్లాష్ తర్వాతి అంకె పెరిగేకొద్దీ అడ్రస్‌లు తగ్గుతాయి). ప్రతి సబ్‌నెట్‌లో 5 అడ్రస్‌లను ఏడబ్ల్యూఎస్ తన దగ్గరే ఉంచుకుంటుంది. అంటే /24 సబ్‌నెట్‌లో 256 కాదు, 251 మాత్రమే మీ చేతికి వస్తాయి. వీపీసీ మొదటి రేంజ్‌ను తర్వాత టెంప్లేట్‌లో మారిస్తే అది పాత వీపీసీని సవరించదు, కొత్తది కట్టడానికి చూస్తుంది. కాబట్టి ఇక్కడ తొందర వద్దు.

తర్వాత కోటాలు. ఒక రీజియన్‌లో (ఏడబ్ల్యూఎస్ డేటా సెంటర్లున్న ఒక ప్రాంతంలో) మామూలుగా 5 వీపీసీలు, 5 ఎలాస్టిక్ ఐపీలు (మారని పబ్లిక్ అడ్రస్‌లు) ఇస్తారు. జోన్‌కు ఒకటి చొప్పున రెండు నాట్ గేట్‌వేలు (లోపలి సర్వర్లు ఇంటర్నెట్‌కు వెళ్లే దారులు, ఒక్కోదానికి ఒక ఎలాస్టిక్ ఐపీ) పెట్టి డెవ్, టెస్ట్, ప్రొడక్షన్ మూడూ ఒకే రీజియన్‌లో లేపితే 6 ఎలాస్టిక్ ఐపీలు కావాలి. డెవ్, టెస్ట్ సాఫీగా లేస్తాయి. ప్రొడక్షన్ దగ్గర ఆగిపోతుంది, అదీ లాంచ్ రోజున. కోటా పెంచమని ముందే రిక్వెస్ట్ పెట్టండి.

మూడోది పర్మిషన్లు. వేరే రోల్ (అధికారాల మూట) ఇవ్వకపోతే క్లౌడ్‌ఫార్మేషన్ మీ పర్మిషన్లతోనే పనిచేస్తుంది. సర్వీస్ రోల్ అని ఒకటి జతచేస్తే ఆ తర్వాత ఆ స్టాక్ మీద జరిగే ప్రతి పనికీ అదే రోల్ వాడుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. స్టాక్‌ను అప్‌డేట్ చేసే హక్కు ఉన్న ఎవరైనా, తమకు సొంతంగా లేని అధికారాలను కూడా ఆ రోల్ ద్వారా వాడేయగలరు. రోల్‌కు అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తే పని తేలికవుతుంది, నిజమే. కానీ ఆ స్టాక్‌ను ముట్టుకోగలిగిన ప్రతి ఒక్కరూ అడ్మిన్ అయినట్టే.

మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి:

- డెవ్‌కు, ప్రొడక్షన్‌కు వేర్వేరు అకౌంట్లు, కనీసం వేర్వేరు స్టాక్‌లు
- కమాండ్ లైన్‌లో ఏ అకౌంట్, ఏ రీజియన్ సెట్ అయి ఉన్నాయో ఇప్పుడే చూశారా
- టెంప్లేట్లు గిట్‌లో ఉన్నాయా
- ఐపీ ప్లాన్, కోటాలు, సర్వీస్ రోల్ తేలాయా
- ఓనర్, ఎన్విరాన్‌మెంట్, ప్రాజెక్ట్ ట్యాగ్‌లకు పేర్లు అనుకున్నారా

రెండో పాయింట్ మరీ చిన్నదిగా కనిపిస్తుంది. తప్పు రీజియన్‌లో లేచిన స్టాక్ ఏ ఎర్రరూ ఇవ్వదు. నిశ్శబ్దంగా బిల్లు మాత్రం పెంచుతుంది.

## 2. ఒకే పెద్ద స్టాక్ వద్దు, ఆయుష్షును బట్టి విడగొట్టండి

ఒక టెంప్లేట్‌లో 500 రిసోర్సుల దాకా పెట్టొచ్చు. పెట్టొచ్చు కదా అని పెట్టకండి.

నెట్‌వర్క్ ఏళ్ల తరబడి మారదు. డేటాబేస్ అప్పుడప్పుడు మారుతుంది, కానీ దాన్ని పోగొట్టుకోలేం. సర్వర్లు వారానికోసారి మారతాయి, పోయినా మళ్లీ లేస్తాయి. మూడింటి స్వభావం మూడు రకాలు కాబట్టి మూడు స్టాక్‌లు. సర్వర్ సైజు మార్చడానికి చేసే అప్‌డేట్‌లో డేటాబేస్ ఉన్న ఫైల్‌ను తెరవాల్సిన అవసరమే రాకూడదు.

ఈ స్టాక్‌లను కలపడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది ఎక్స్‌పోర్ట్. నెట్‌వర్క్ స్టాక్ తన సబ్‌నెట్ ఐడీలను అవుట్‌పుట్స్‌లో (టెంప్లేట్ బయటికిచ్చే విలువల భాగంలో) ఎక్స్‌పోర్ట్ చేస్తుంది, మిగతావి ఇంపోర్ట్ చేసుకుంటాయి. ఎవరైనా ఇంపోర్ట్ చేసుకున్నంత కాలం ఆ విలువను మార్చలేరు, తీసేయలేరు, ఆ స్టాక్‌ను డిలీట్ కూడా చేయలేరు. ఇది తాళం లాంటిది. నెట్‌వర్క్‌కు ఆ తాళం మంచిదే.

రెండోది, విలువను పారామీటర్ స్టోర్‌లో (విలువలు దాచే ఏడబ్ల్యూఎస్ సర్వీస్‌లో) రాసి అవసరమైన స్టాక్ అక్కడి నుంచి చదువుకోవడం. తాళం ఉండదు. తరచుగా మారే విలువలకు నేను ఇదే వాడతాను. అన్నింటినీ ఎక్స్‌పోర్ట్‌లతో కట్టేస్తే ఆరు నెలలకు ఏ ముడి విప్పాలన్నా ఇంకో ముడి అడ్డం వస్తుంది.

## 3. టెంప్లేట్ రాసే వరుస

టెంప్లేట్‌లో తప్పనిసరి భాగం ఒక్కటే: రిసోర్సెస్. పారామీటర్స్ (బయటి నుంచి ఇచ్చే విలువలు), మ్యాపింగ్స్ (విలువల పట్టికలు), కండిషన్స్ (షరతులు), అవుట్‌పుట్స్ అన్నీ అవసరాన్ని బట్టి. నేను రాసే వరుస ఇది: ముందు రిసోర్సులను నేరుగా విలువలతో రాస్తాను, ఒకసారి డెవ్‌లో లేపుతాను, ఆ తర్వాతే ఏ విలువ ఎన్విరాన్‌మెంట్‌ను బట్టి మారుతుందో దాన్ని పారామీటర్‌గా బయటికి తీస్తాను. మొదటే 40 పారామీటర్లతో మొదలుపెట్టిన టెంప్లేట్లలో 30 ఎవరూ ఎప్పుడూ మార్చనివే ఉంటాయి.

పారామీటర్‌కు టైప్ సరిగా ఇవ్వండి. సబ్‌నెట్ ఐడీని ఉత్త స్ట్రింగ్‌గా కాకుండా సబ్‌నెట్ ఐడీ టైప్‌గా ఇస్తే, అలాంటి సబ్‌నెట్ ఆ రీజియన్‌లో లేదన్న సంగతి మొదట్లోనే తెలుస్తుంది. ఎన్విరాన్‌మెంట్ పేరుకు అనుమతించే విలువల జాబితా పెట్టండి.

రిసోర్సుకు మీరు ఇచ్చే పేరు, అంటే లాజికల్ ఐడీ, అక్షరాలూ అంకెలతోనే ఉండాలి. హైఫన్, అండర్‌స్కోర్ కుదరవు. ఈ పేరును బాగా ఆలోచించి పెట్టండి. క్లౌడ్‌ఫార్మేషన్‌కు రిసోర్సును గుర్తుపట్టే ఆనవాలు అదే. దాని కథ 7వ భాగంలో చెబుతాను.

ఒక రిసోర్సు నుంచి ఇంకోదాన్ని పిలిచేటప్పుడు "రెఫ్" ఏమిస్తుందో రిసోర్సును బట్టి మారుతుంది. ఎస్3 బకెట్‌కు రెఫ్ ఇస్తే బకెట్ పేరు వస్తుంది. దాని ఏఆర్ఎన్ (ఏడబ్ల్యూఎస్‌లో ఆ రిసోర్సుకున్న పూర్తి గుర్తింపు) కావాలంటే "గెట్‌ఆట్" వాడాలి. అదే అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కు రెఫ్ ఇస్తే నేరుగా ఏఆర్ఎన్ వస్తుంది. ఊహించకండి, ఆ రిసోర్సు డాక్యుమెంటేషన్ పేజీ అడుగున "రిటర్న్ వాల్యూస్" అన్న భాగం చూడండి.

రెఫ్, గెట్‌ఆట్ వాడిన చోట ఏది ముందు, ఏది తర్వాత అన్నది క్లౌడ్‌ఫార్మేషన్ తనే తేల్చుకుంటుంది. తేల్చుకోలేని చోట "డిపెండ్స్‌ఆన్" రాయాలి. అందరూ మర్చిపోయేది ఇంటర్నెట్ గేట్‌వే (వీపీసీని ఇంటర్నెట్‌కు కలిపేది) దగ్గర. డీఫాల్ట్ రూట్ (బయటికి పోయే ట్రాఫిక్‌కు దారి చూపేది) గేట్‌వేను మాత్రమే ప్రస్తావిస్తుంది, కానీ ఆ గేట్‌వే వీపీసీకి అటాచ్ అయ్యాకే రూట్ పనిచేస్తుంది. కాబట్టి రూట్‌కు ఆ అటాచ్‌మెంట్ మీద డిపెండ్స్‌ఆన్ పెట్టాలి. లేకపోతే ఒకసారి పాసవుతుంది, ఇంకోసారి ఫెయిలవుతుంది. ఇలాంటి తప్పును పట్టుకోవడమే కష్టం.

రెండు సెక్యూరిటీ గ్రూపులు (ఏ ట్రాఫిక్‌ను రానివ్వాలో చెప్పే రూల్స్ గుంపులు) ఒకదాన్నొకటి పిలుచుకుంటే "సర్క్యులర్ డిపెండెన్సీ" అని ఎర్రర్ వస్తుంది. రెండు గ్రూపులనూ ఖాళీగా సృష్టించి, రూల్స్‌ను విడి ఇన్‌గ్రెస్ (లోపలికి వచ్చే ట్రాఫిక్) రిసోర్సులుగా రాస్తే ముడి విడిపోతుంది.

యామల్ (టెంప్లేట్ రాసే ఫార్మాట్) విషయంలో మూడు జాగ్రత్తలు. ట్యాబ్‌లు వాడకండి, స్పేసులే. యెస్, నో, ఆన్, ఆఫ్ అన్న మాటలు విలువలుగా వస్తే కోట్స్‌లో పెట్టండి, లేకపోతే అవి ట్రూ, ఫాల్స్‌గా మారిపోతాయి. సున్నాతో మొదలయ్యే అకౌంట్ నంబర్లను కూడా కోట్స్‌లోనే ఉంచండి. పైన రాసే ఫార్మాట్ వెర్షన్ తేదీ 2010-09-09 మాత్రమే. దాన్ని ఈరోజు తేదీకి మార్చి "అప్‌డేట్ చేశాను" అనుకునేవాళ్లను చూశాను.

## 4. పాస్‌వర్డ్‌ను టెంప్లేట్‌లోకి రానివ్వకండి

పారామీటర్‌కు "నోఎకో" పెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది కన్సోల్‌లో విలువను నక్షత్రం గుర్తులుగా (*****) చూపిస్తుంది, అంతే. అదే విలువను అవుట్‌పుట్స్‌లోనో మెటాడేటాలోనో వాడితే బయటపడుతుంది.

ఆర్‌డీఎస్‌కు అయితే మాస్టర్ పాస్‌వర్డ్‌ను ఆర్‌డీఎస్‌నే చూసుకోమని చెప్పే ప్రాపర్టీ ఉంది. దాన్ని ట్రూ చేస్తే పాస్‌వర్డ్ తయారై సీక్రెట్స్ మేనేజర్‌లోకి (రహస్యాలు దాచే సర్వీస్‌లోకి) వెళ్తుంది. మనిషి కంటపడాల్సిన పనే లేదు. మిగతావాటికి సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టి, టెంప్లేట్‌లో డైనమిక్ రెఫరెన్స్‌గా (విలువ కాకుండా అది ఉన్న చోటు రాసి) పిలవండి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. సీక్రెట్ విలువను తర్వాత మార్చినంత మాత్రాన స్టాక్ దాన్ని తెలుసుకోదు. దాన్ని వాడే రిసోర్సులో ఏదో ఒక మార్పు జరిగినప్పుడే కొత్త విలువ అందుతుంది.

## 5. ముందుగా పెట్టాల్సిన మూడు కాపలాలు

ఇవి మొదటి డిప్లాయ్‌కు ముందే పెట్టండి. "తర్వాత పెడదాం" అన్నవి ఎప్పటికీ రావు.

డిలీషన్‌పాలసీ, అప్‌డేట్‌రీప్లేస్‌పాలసీ. ఇవి ఒకటే అనుకుంటారు, కావు. మొదటిది స్టాక్ డిలీట్ అయినప్పుడు లేదా టెంప్లేట్ నుంచి రిసోర్సు తీసేసినప్పుడు పనిచేస్తుంది. అప్‌డేట్‌లో పాతదాన్ని తీసి కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని ఏం చేయాలన్నది రెండోది చెబుతుంది. డేటాబేస్‌కు రెండింటికీ "స్నాప్‌షాట్" (పోయేముందు కాపీ తీయడం), బకెట్‌కు రెండింటికీ "రిటెయిన్" (తీసేయకుండా ఉంచడం) ఇవ్వండి.

బకెట్‌కు మీరే పేరు పెట్టి, రిటెయిన్ కూడా పెట్టినప్పుడు ఒక చిక్కు వస్తుంది. మొదటి క్రియేట్ మధ్యలో ఫెయిలైతే స్టాక్ వెనక్కి పోతుంది, బకెట్ మిగిలిపోతుంది. మళ్లీ ప్రయత్నిస్తే "ఈ పేరుతో ఉంది" అంటుంది. మొదటి క్రియేట్ ఫెయిలైనప్పుడు మాత్రం తీసేసే "రిటెయిన్ఎక్సెప్ట్ఆన్‌క్రియేట్" అన్న విలువ ఇందుకే ఉంది.

టర్మినేషన్ ప్రొటెక్షన్. స్టాక్‌ను ఎవరూ డిలీట్ చేయకుండా ఆపేది ఇది. ప్రొడక్షన్ స్టాక్‌లన్నింటికీ ఆన్ చేయండి. ఒక క్లిక్ పని.

స్టాక్ పాలసీ. అప్‌డేట్ సమయంలో ఫలానా రిసోర్సును రీప్లేస్ చేయకూడదు, డిలీట్ చేయకూడదు అని చెప్పేది ఇది. పాలసీ పెట్టగానే డీఫాల్ట్‌గా అన్ని రిసోర్సులూ లాక్ అవుతాయి, కాబట్టి ముందు అన్నింటికీ అనుమతి రాసి, తర్వాత డేటాబేస్‌కు నిషేధం రాయాలి. ఒకసారి పెట్టాక మార్చుకోవచ్చు కానీ పూర్తిగా తీసేయలేరు. స్టాక్ మొత్తాన్ని డిలీట్ చేస్తే మాత్రం ఈ పాలసీ ఆపదు; ఆ పని టర్మినేషన్ ప్రొటెక్షన్‌ది.

## 6. రన్ చేసే ముందు చెక్

కమాండ్ లైన్‌లో ఉండే వ్యాలిడేట్ టెంప్లేట్ కమాండ్ సింటాక్స్‌ను మాత్రమే చూస్తుంది. ప్రాపర్టీ పేరు తప్పు రాసినా పాసైపోవచ్చు. సీఎఫ్ఎన్-లింట్ అన్న ఉచిత టూల్ ప్రాపర్టీ పేర్లు, టైప్‌లు, విలువలు కూడా చూస్తుంది. దాన్ని ఎడిటర్‌లోనూ, గిట్‌లోకి కోడ్ వెళ్లే దారిలోనూ పెట్టండి.

సైజు పరిమితి కూడా ఉంది. నేరుగా పంపే టెంప్లేట్ 51,200 బైట్లు దాటకూడదు. ఎస్3లో పెట్టి లింక్ ఇస్తే 1 ఎంబీ దాకా కుదురుతుంది. ఆ పరిమితి తగిలిందంటే ముందు 2వ భాగం మళ్లీ చదవండి.

## 7. చేంజ్ సెట్: ఈ గైడ్‌లో ఒక్కటే చదువుతానంటే ఇది చదవండి

నేరుగా క్రియేట్, అప్‌డేట్ బటన్లు నొక్కకండి. ఎప్పుడూ చేంజ్ సెట్ (ఏమేం మారబోతున్నాయో చూపే జాబితా) సృష్టించి, చదివి, ఆ తర్వాతే ఎగ్జిక్యూట్ చేయండి. కమాండ్ లైన్‌లో డిప్లాయ్ కమాండ్‌కు "నో ఎగ్జిక్యూట్ చేంజ్‌సెట్" అన్న ఆప్షన్ ఇస్తే సృష్టించి ఆగుతుంది. కొత్త స్టాక్ అయితే అప్పటికి అది "రివ్యూ ఇన్ ప్రోగ్రెస్" అని కనిపిస్తుంది. కంగారు అక్కర్లేదు, ఇంకా ఏమీ పుట్టలేదు.

చదవాల్సిన కాలమ్‌లు రెండు.

మొదటిది యాక్షన్: యాడ్, మోడిఫై, రిమూవ్. మీరు ఒక్క విలువ మార్చారు, జాబితాలో యాడ్, రిమూవ్ కనిపిస్తున్నాయి అంటే ఆగండి.

రెండోది రీప్లేస్‌మెంట్: ట్రూ, ఫాల్స్, కండిషనల్. ట్రూ అంటే పాత రిసోర్సు పోయి కొత్తది వస్తుంది. కండిషనల్ అంటే రన్ అయ్యేదాకా తేలదు. డేటా ఉన్న రిసోర్సుకు కండిషనల్ కనిపిస్తే నేను దాన్ని ట్రూగానే లెక్కేస్తాను.

ఏ ప్రాపర్టీ మారిస్తే ఏమవుతుందో ప్రతి రిసోర్సు డాక్యుమెంటేషన్‌లో "అప్‌డేట్ రిక్వైర్స్" అన్న లైన్‌లో ఉంటుంది. తరచుగా తగిలేవి కొన్ని:

- ఈసీ2 ఇమేజ్ ఐడీ (సర్వర్ ఏ సిస్టమ్ ప్రతితో లేవాలో చెప్పేది) మారిస్తే కొత్త సర్వర్ వస్తుంది
- ఈబీఎస్ డిస్క్ (సర్వర్ నుంచి విడిగా ఉండే నిల్వ) ఉన్న ఈసీ2 ఇన్‌స్టన్స్ టైప్ (సర్వర్ సైజు) మారిస్తే ఆగి మళ్లీ లేస్తుంది
- ఎస్3 బకెట్ పేరు మారిస్తే కొత్త ఖాళీ బకెట్ వస్తుంది
- సబ్‌నెట్ జోన్ మారిస్తే కొత్త సబ్‌నెట్ వస్తుంది
- ట్యాగ్ మారిస్తే చాలావరకు ఏ అంతరాయం ఉండదు

ఇక లాజికల్ ఐడీ కథ. నేను క్లౌడ్ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక టెంప్లేట్‌ను శుభ్రం చేద్దామని కూర్చుని, "డీబీ1" అని ఉన్న లాజికల్ ఐడీని చక్కగా "ఆర్డర్స్‌డేటాబేస్" అని అర్థమయ్యేలా మార్చాను. పేరే కదా మారింది అనుకున్నాను. క్లౌడ్‌ఫార్మేషన్ దృష్టిలో డీబీ1 అనేది టెంప్లేట్ నుంచి మాయమైంది, ఆర్డర్స్‌డేటాబేస్ అనేది కొత్తగా వచ్చింది. చేంజ్ సెట్‌లో ఒక యాడ్, ఒక రిమూవ్ స్పష్టంగా కనిపిస్తూనే ఉన్నాయి. 20 లైన్ల జాబితాలో అవి రెండు లైన్లు. నేను చూడలేదు. స్టాక్ ఆకుపచ్చగా కంప్లీట్ అయింది, అప్లికేషన్ కొత్త ఖాళీ డేటాబేస్‌కు కనెక్ట్ అయింది. పోయేముందు స్నాప్‌షాట్ తీసుకుంది కాబట్టి ఆ మధ్యాహ్నమంతా టెన్షన్‌తో గడిచి, సాయంత్రానికి డేటా వెనక్కి వచ్చింది.

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. ఒక చేంజ్ సెట్‌లో ఒకే ఉద్దేశం ఉండాలి. శుభ్రం చేసే పని, కొత్త ఫీచర్ కలపకూడదు. జాబితాలో ప్రతి లైనుకూ "ఇది ఎందుకు వచ్చింది?" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే ఎగ్జిక్యూట్ లేదు.

చేంజ్ సెట్ బాగుందంటే డిప్లాయ్ కచ్చితంగా పాసవుతుందని కాదు. కోటా చాలకపోవడం, పర్మిషన్ లేకపోవడం లాంటివి రన్ అయినప్పుడే బయటపడొచ్చు. అలాగే ఒక చేంజ్ సెట్ ఎగ్జిక్యూట్ చేయగానే ఆ స్టాక్ మీద ఉన్న మిగతా చేంజ్ సెట్లన్నీ పోతాయి. నిన్న సహోద్యోగి సిద్ధం చేసి పెట్టింది ఈరోజు కనిపించకపోతే కారణం అదే.

టెంప్లేట్‌లో ఐఏఎమ్ (ఎవరికి ఏ అధికారాలో చూసుకునే సర్వీస్) రోల్స్ ఉంటే "కేపబిలిటీ ఐఏఎమ్" అని, వాటికి మీరే పేర్లు పెట్టి ఉంటే "కేపబిలిటీ నేమ్డ్ ఐఏఎమ్" అని ఒప్పుకోలు ఇవ్వాలి. స్క్రిప్ట్‌లో కళ్లు మూసుకుని అన్నీ ఇచ్చేయకుండా, అవసరమైన స్టాక్‌లకే ఇవ్వండి.

## 8. ఎగ్జిక్యూట్ చేశాక

ఈవెంట్స్ ట్యాబ్ తెరిచి ఉంచండి. నెట్‌వర్క్ ముందు, తర్వాత డేటాబేస్, చివర సర్వర్లు అన్న వరుసలోనే స్టాక్‌లను లేపండి.

ఈసీ2 "క్రియేట్ కంప్లీట్" అన్నదంటే సర్వర్ ఆన్ అయిందని మాత్రమే అర్థం. లోపల మీ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ అయిందో లేదో దానికి తెలియదు. అది తెలియాలంటే క్రియేషన్ పాలసీ (సిగ్నల్ వచ్చేదాకా ఆగమని చెప్పేది) పెట్టి, స్టార్టప్ స్క్రిప్ట్ చివర సీఎఫ్ఎన్-సిగ్నల్ పంపాలి. సిగ్నల్ రాకపోతే గడువు దాటాక ఫెయిల్ అవుతుంది. సిగ్నల్ రాకపోవడానికి మామూలు కారణం స్క్రిప్ట్ తప్పు కాదు. ప్రైవేట్ సబ్‌నెట్‌లో ఉన్న సర్వర్‌కు బయటికి దారి లేకపోవడం. నాట్ గేట్‌వే రూట్ ముందు చూడండి.

## 9. ఫెయిల్ అయితే

ఎర్రగా 15 లైన్లు కనిపిస్తాయి. వాటిలో 14 అబద్ధాలు. ఒక రిసోర్సు ఫెయిల్ అవగానే అప్పటికి మధ్యలో ఉన్న మిగతావి "క్రియేషన్ క్యాన్సిల్డ్" అని పడతాయి. జాబితాలో కొత్తవి పైన ఉంటాయి కాబట్టి కిందికి వెళ్లి, సమయం ప్రకారం మొదట ఫెయిల్ అయినదాన్ని పట్టుకోండి. అసలు కారణం అక్కడే రాసి ఉంటుంది.

రోల్‌బ్యాక్ కంప్లీట్. మొదటి క్రియేట్ ఫెయిలై వెనక్కి పోయింది. ఈ స్టాక్‌ను అప్‌డేట్ చేయలేరు. డిలీట్ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. డెవ్‌లో ప్రయోగాలు చేసేటప్పుడు, ఫెయిలైతే సక్సెస్ అయిన రిసోర్సులను ఉంచేయమనే ఆప్షన్ ఎంచుకుంటే, తప్పు దిద్ది అక్కడి నుంచే కొనసాగించొచ్చు. ఆర్‌డీఎస్ మళ్లీ లేవడం కోసం ఎదురుచూడడం తప్పుతుంది.

అప్‌డేట్ రోల్‌బ్యాక్ కంప్లీట్. మార్పు కుదరలేదు, పాత స్థితికి వచ్చింది. స్టాక్ ఆరోగ్యంగానే ఉంది. తప్పు దిద్ది మళ్లీ పంపండి.

అప్‌డేట్ రోల్‌బ్యాక్ ఫెయిల్డ్. చిక్కు ఇదే. ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. ఎక్కువసార్లు కారణం, ఎవరో కన్సోల్‌లో ఒక రిసోర్సును చేత్తో డిలీట్ చేసి ఉండడం. ముందు ఆ అడ్డంకిని తొలగించి "కంటిన్యూ అప్‌డేట్ రోల్‌బ్యాక్" ఇవ్వండి. అదీ కుదరకపోతే ఆ రిసోర్సును వదిలేసి వెళ్లమని చెప్పొచ్చు. కానీ వదిలేసినదాన్ని కూడా క్లౌడ్‌ఫార్మేషన్ కంప్లీట్ అనే రాసుకుంటుంది. నిజం వేరుగా ఉంటుంది. తర్వాతి అప్‌డేట్‌కు ముందే ఆ తేడాను సరిచేయాలి.

గంట దాకా కదలకపోవడం. లామ్డాతో (సర్వర్ పెట్టకుండా కోడ్ నడిపే సర్వీస్‌తో) నడిచే కస్టమ్ రిసోర్సు (మీ సొంత కోడ్‌తో సృష్టించేది) ఉందా? ఆ ఫంక్షన్ ఎర్రర్ వచ్చి, జవాబు పంపకుండానే ఆగిపోయి ఉంటుంది. క్లౌడ్‌ఫార్మేషన్ మామూలుగా ఒక గంట దాని కోసం చూస్తుంది. కోడ్‌లో ఏ దారిలో వెళ్లినా, ఎర్రర్ వచ్చినా సరే, జవాబు పంపేలా రాయండి.

## 10. అప్‌డేట్‌లలో దాక్కుని ఉండే గోతులు

*పేరు పెట్టిన రిసోర్సు రీప్లేస్ కాదు.* రీప్లేస్‌మెంట్‌లో ముందు కొత్తది పుట్టాలి, తర్వాత పాతది పోవాలి. రెండింటికీ ఒకే పేరు ఉంటే కొత్తది పుట్టలేదు. తప్పనిసరి కాని చోట పేరు ఖాళీగా వదిలేయండి, క్లౌడ్‌ఫార్మేషన్ తనే ఒకటి పెడుతుంది. చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం ఆగదు.

*"లేటెస్ట్" ఇమేజ్.* ఎప్పుడూ కొత్త ఇమేజ్ వాడాలని, ఇమేజ్ ఐడీని పబ్లిక్ పారామీటర్ స్టోర్ విలువ నుంచి తీసుకునే టెంప్లేట్లు చాలా ఉన్నాయి. స్టాక్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఆ విలువను మళ్లీ చదువుతుంది. మీరు మార్చింది సెక్యూరిటీ గ్రూప్‌లో ఒక పోర్ట్. ఈలోగా కొత్త ఇమేజ్ వచ్చి ఉంటే మీ సర్వర్ మొత్తం మారిపోతుంది. ఆటో స్కేలింగ్ గ్రూప్ (సర్వర్ల సంఖ్యను తనే పెంచి తగ్గించేది) వెనక ఉన్న సర్వర్లకు పర్వాలేదు. ఒంటరి సర్వర్‌కు మాత్రం ఐడీని స్థిరంగా రాయండి.

*యూజర్ డేటా.* స్టార్టప్ స్క్రిప్ట్ మార్చి అప్‌డేట్ ఇస్తే, ఈబీఎస్ డిస్క్ ఉన్న సర్వర్ రీస్టార్ట్ అవుతుంది. కానీ స్క్రిప్ట్ మళ్లీ రన్ అవదు, అది మామూలుగా మొదటి బూట్‌లోనే నడుస్తుంది. అంటే డౌన్‌టైమ్ వచ్చింది, మార్పు మాత్రం రాలేదు.

## 11. కన్సోల్‌లో చేత్తో చేసిన మార్పులు

రాత్రి 2 గంటలకు సైట్ పడిపోతే ఎవరూ గిట్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టరు, కన్సోల్‌లోకి వెళ్లి పోర్ట్ తెరుస్తారు. అది తప్పు కాదు. పొద్దున్నే టెంప్లేట్‌లో రాయకపోవడం తప్పు.

"అదే టెంప్లేట్ మళ్లీ రన్ చేస్తే సరైపోతుంది కదా" అంటారు. మామూలు అప్‌డేట్‌తో సరికాదు. క్లౌడ్‌ఫార్మేషన్ కొత్త టెంప్లేట్‌ను పాత టెంప్లేట్‌తో పోలుస్తుంది, నిజంగా నడుస్తున్న రిసోర్సుతో కాదు. రెండు టెంప్లేట్లూ ఒకటే అయితే చేయడానికి మార్పులేవీ లేవని చెప్పి ఊరుకుంటుంది.

తేడాలు తెలియాలంటే డ్రిఫ్ట్ డిటెక్షన్ రన్ చేయాలి. అది కూడా టెంప్లేట్‌లో మీరు స్పష్టంగా రాసిన ప్రాపర్టీలనే చూస్తుంది. డీఫాల్ట్‌కు వదిలేసినదాన్ని ఎవరైనా మారిస్తే దానికి కనిపించదు. అందుకే ఎన్‌క్రిప్షన్, పబ్లిక్ యాక్సెస్, బ్యాకప్ రోజుల సంఖ్య లాంటి ముఖ్యమైనవాటిని, డీఫాల్ట్ అదే అయినా సరే, టెంప్లేట్‌లో రాసి పెట్టండి.

చేత్తో సృష్టించిన రిసోర్సును స్టాక్‌లోకి తేవాలంటే ఇంపోర్ట్ ఉంది. దానికి డిలీషన్‌పాలసీ రాసి ఉండాలి. ఆ ఇంపోర్ట్‌లోనే ఇంకే మార్పులూ కలపడం కుదరదు. ఇంపోర్ట్ అయిన వెంటనే డ్రిఫ్ట్ ఒకసారి చూసి, మీరు రాసింది నిజంతో సరిపోయిందో లేదో తేల్చుకోండి.

## 12. స్టాక్‌ను తీసేయడం

లేపిన వరుసకు తిరగేసి: సర్వర్లు, డేటాబేస్, చివర నెట్‌వర్క్.

డిలీట్ ఫెయిలైతే మూడు చోట్ల వెతకండి. బకెట్‌లో ఫైళ్లు ఉన్నాయా? ఖాళీ చేయనిదే పోదు. వెర్షనింగ్ ఆన్ చేసి ఉంటే పాత వెర్షన్లు కూడా తీసేయాలి. వీపీసీ లోపల ఎవరైనా చేత్తో ఏదైనా సృష్టించారా? అది ఉన్నంతసేపు వీపీసీ కదలదు. వీపీసీకి కలిపిన లామ్డా ఉందా? దాని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌లు పోవడానికి కాస్త సమయం పడుతుంది, అప్పటిదాకా సెక్యూరిటీ గ్రూప్ డిలీట్ అవదు. కాసేపాగి మళ్లీ ఇవ్వండి.

స్టాక్ జాబితాలోంచి పోయాక చివరి చెక్:

- రిటెయిన్ పెట్టిన బకెట్లు, డేటాబేస్‌లు ఇంకా ఉన్నాయి, వాటికి బిల్లు నడుస్తోంది
- డేటాబేస్ చివరి స్నాప్‌షాట్‌కూ నిల్వ ఖర్చు ఉంది
- చేత్తో తీసుకున్న ఎలాస్టిక్ ఐపీలు, నాట్ గేట్‌వేలు మిగిలాయేమో చూడండి
- స్నాప్‌షాట్ ఉంచుకోవాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారో, ఎప్పటికో, ట్యాగ్‌లో రాయండి